ఆలేరు ప్రాంతంలో కరువు కాలపు పశు సంరక్షణ

కరువు కాలపు పశు సంరక్షణ అనగా వర్షాభావం, మేత కొరత, నీటి ఎద్దడి ఏర్పడక ముందే పశువుల పోషణకు తగిన ఏర్పాట్లు చేసుకొనుట. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆలేరు ప్రాంతం (2016 అక్టోబరు 11 వరకు నల్గొండ జిల్లా) మెట్ట పంటలు, బోరుబావులపై ఎక్కువగా ఆధారపడినది. ఇక్కడి చిన్న రైతులకు బర్రెలు, ఎడ్లు, గొర్రెలు పంట పోయిన ఏడాది మిగిలే ఆదాయం. అందుచేత పశువులను కాపాడుకోవడం కుటుంబాన్ని కాపాడుకోవడంతో సమానం.

నేపథ్యం

తుఫాను, వరదల వలె కరువు ఒక్క రాత్రిలో రాదు. మొదట చెరువు ఇంకుతుంది, తరువాత బోరు ఎండుతుంది, ఆపై గడ్డివాము తరుగుతుంది. మేత పూర్తిగా అయిపోయాక రైతులందరూ ఒకేసారి సంతకు పశువులను తోలుతారు. ధర పడిపోతుంది. వానలు పడిన తరువాత అదే పశువును తిరిగి కొనాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. 2002లో దేశవ్యాప్తంగా, 2015లో తెలంగాణలో తీవ్ర వర్షాభావం ఏర్పడింది.

ఒకప్పుడు ఈ మెట్టల్లో విరివిగా పండిన జొన్న స్థానాన్ని చాలావరకు పత్తి ఆక్రమించడంతో చొప్ప తగ్గింది. వరికోత యంత్రాల వలన గడ్డి పొలంలోనే చెదిరిపోయి, వాములు వేయడం కూడా తగ్గింది.

మేత నిల్వ

పెద్ద పశువుకు రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున లెక్కిస్తే 120 రోజులకు 720 కిలోలు, అనగా సుమారు 7 క్వింటాళ్లు కావాలి. ఈ లెక్క కోతల కాలంలోనే వేసుకోవాలి.

* వరిగడ్డిని ఎత్తైన చోట, నిప్పుకు దూరంగా వాము వేయాలి.
* 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే పోషక విలువ పెరుగుతుంది. యూరియా ఎక్కువైతే ప్రాణాపాయం. దీనిని ఆరు నెలల లోపు దూడలకు, గుర్రాలకు పెట్టరాదు.
* వర్షాకాలంలో మిగిలిన పచ్చిమేతను పాతర వేసుకోవచ్చు.
* మేత చాలనప్పుడు ముందుగా చూడి పశువులకు, పాలిచ్చేవాటికి, దూడలకు ప్రాధాన్యమివ్వాలి. తగ్గించుకోక తప్పని పశువులను ధర పడకముందే అమ్మడం మేలు.

ముఖ్యమైన ప్రమాదాలు

వానలు లేక వాడిన లేత జొన్న, కోసిన తరువాత మోళ్ల నుండి వచ్చిన పిలకలు తిన్న పశువులకు 'నాము' సోకుతుంది. అందులోని సైనైడ్ విషం వలన పశువు కొద్దిసేపటిలోనే చనిపోవచ్చు. పూత దశకు రాని జొన్నను మేపరాదు. ఆపద వచ్చినప్పుడు వెంటనే పశువైద్యుని పిలవాలి.

కరువు తరువాత పడే తొలకరి కూడా ప్రమాదమే. చిక్కిపోయిన గొర్రెలు లేత గడ్డిని ఆత్రంగా మేసి చిటుక రోగంతో మరణిస్తాయి. దీనికి, పశువులలో గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు వానాకాలానికి ముందే టీకాలు వేయించాలి.

గుర్రాలు, పెంపుడు జంతువులు

గుర్రాలకు మేతను హఠాత్తుగా మార్చినా, బూజు పట్టిన గడ్డి పెట్టినా కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కనుక కొత్త మేతను కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. కుటుంబం పనికై వలస వెళ్లేటప్పుడు కుక్కలను, పశువులను కట్టుతాళ్లకు వదిలి వెళ్లరాదు. వాటిని ఎవరు చూసుకోవాలో పొరుగువారితో ముందే మాట్లాడుకోవాలి. కుక్కలకు ఏటా రేబీస్ టీకా వేయించాలి.

అమెరికాలో 2005 నాటి కత్రినా తుఫానులో పెంపుడు జంతువులను వదలలేక కొందరు ఇళ్లు విడువలేదు. అందువలన 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను చేర్చాలని అక్కడ చట్టం చేశారు.

సహాయం, పత్రాలు

తెలంగాణలో 2017లో సంచార పశువైద్యశాలలు ప్రారంభమైనవి. వీటిని పిలిచేందుకు 1962 నంబరు కేటాయించారు. భీమా చేసిన పశువు చెవిపోగు ఊడిపోతే వెంటనే తెలియజేసి కొత్తది వేయించుకోవాలి. పశువు మరణిస్తే పాతిపెట్టకముందే పశువైద్యునికి చూపించి ధ్రువపత్రం పొందాలి. లేనిచో పరిహారం పొందుట కష్టమగును.

ఇవి కూడా చూడండి

* ఆలేరు
* పాతరగడ్డి
* గాలికుంటు వ్యాధి