మ్యూనిక్ నగరపు నీటి అడవులు

బవేరియా రాజధానియగు మ్యూనిక్ నగరమున గృహస్థులు కొళాయి త్రిప్పి పట్టుకొను నీటిలో అధికభాగము, ఆగ్నేయదిశగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, ఆల్ప్స్ పర్వతపాదములనున్న మాంగ్‌ఫాల్ లోయలో పుట్టి, పల్లమును బట్టి తనంత తానే ప్రవహించి వచ్చుచున్నది. దానికి సామాన్యముగా క్లోరిను కలుపవలసిన అవసరమైనను కలుగుటలేదు. ఇది కేవలము ప్రకృతి యిచ్చిన వరమని చూపరులు తలపోయుదురు గాని, అందు కొంతపాలు నగరము ధనమిచ్చి కొన్నదనియు, కొన్న పొలములలో సేద్యము మాన్పించి చెట్లు పెంచి సంపాదించినదనియు ఆ లోయ చరిత్రము తెలిసినవారు చెప్పుదురు.

19వ శతాబ్దమున మ్యూనిక్ అపరిశుభ్రతకు పేరుపడిన పట్టణము. మరుగుదొడ్ల గోతులును మంచినీటి బావులును చేరువచేరువనే యుండుటచే టైఫాయిడ్ జ్వరము అచ్చట స్థిరనివాస మేర్పరచుకొని యుండెను. 1854వ సంవత్సరమున గాజుమేడలో పారిశ్రామిక ప్రదర్శనము జరుగుచుండగా కలరా చెలరేగి, పేదల వాడలను పీల్చివేసినది చాలక, సింహాసనము విడిచిన మొదటి లుడ్విగ్ రాజు పత్నియగు థెరీసాను గూడ బలిగొనెను. ఆ యుపద్రవమును కన్నులార చూచినవాడు, ఆరోగ్యశాస్త్రమును విశ్వవిద్యాలయమున ఒక విద్యగా నిలిపిన ఆచార్యుడు, మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్. నేలలో కుళ్లు పదార్థములును భూగర్భజలపు హెచ్చుతగ్గులును కలిసి కలరాను పెంచునని ఆయన నమ్మెను. త్రాగునీటివలననే అది సోకునను వాదమును అంగీకరింపక, 1892లో తన మాట నిలుపుకొనుటకై కలరా సూక్ష్మజీవులు గల ద్రవమును తానే త్రాగి బ్రతికి బయటపడెను. సిద్ధాంతమున ఆయన ఓడిపోయెను. ఐనను, నేల చెడినచో ఊరు చెడునను ఆయన పట్టుదలయే మ్యూనిక్ వారిచేత మురుగుకాలువలు కట్టించినది, కొండలనుండి స్వచ్ఛజలమును తెప్పించినది. పొరపాటు పడిన పండితునికి ఒక నగరము ఇంతగా ఋణపడిన సందర్భము వైద్యచరిత్రమున మఱియొకటి నాకు కానరాదు.

1883వ సంవత్సరము మే నెలలో మాంగ్‌ఫాల్ నీరు నగరమును చేరెను. ఊటలకు కట్టడములు కట్టుటతో తృప్తిపడక, నగరమువారు వాని చుట్టునున్న గడ్డిభూములను, పొలములను కొనుచు వచ్చిరి. ఊటలకు ఎగువనున్నవానిని అడవిగా మార్చి, కొన్నింటిని షరతులతో కౌలుకిచ్చిరి. ఈ రీతిగా లోయలోను, టౌబెన్‌బెర్గ్ కొండ వాలులందును వేయి హెక్టార్లకు మించిన వనము నగరపు సొత్తైనది. తాతముత్తాతలు రాళ్లేరి సాగుచేసిన చేనులో పరాయి ఊరి దాహము కొఱకు చెట్లు నాటుచుండగా చూచిన రైతు మనస్సు ఎట్లుండునో, పల్లెలనెరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ కథ చెప్పువారు నగరపు దూరదృష్టిని పొగడి ఊరకుండుట న్యాయము కాదు.

అడవి పెరిగినంతమాత్రమున నీరేల బాగుపడవలెను? అచ్చటిది హిమానీనదములు తెచ్చి పోసిన గులకరాతి నేల. పైన మన్ను పలుచన, క్రింద నీరు నిలువక దిగిపోవు కంకర. మొక్కజొన్న కోసిన చేను నవంబరు వానలలో బోడిగా పడియుండును. పైరు తినక మిగిల్చిన ఎరువు అప్పటికి నైట్రేటుగా మారియుండును. నైట్రేటునకును బంకమట్టి రేణువులకును ఋణవిద్యుత్తే యుండుటచే ఆ మన్ను దానిని పట్టి నిలుపజాలదు. కురిసిన ప్రతి వానతోను అది కొంత కొంతగా దిగి, తుదకు ఊటలో కలియును. అడవిలోనన్ననో ఎరువు పడదు, నాగలి దిగదు; రాలిన ఆకుల క్రింద వేళ్లును, శిలీంధ్రపు పోగులును, పురుగులును నత్రజనిని ఒకదానినుండి మఱియొకటి అందుకొనుచు దానిని పైపొరలోనే త్రిప్పుచుండును.

ఐతే ఏ చెట్టైనను చాలునా? వడిగా ఎదిగి నిటారుగా కలపనిచ్చు స్ప్రూస్ వృక్షమే ఆ కాలపు జర్మను అటవీశాస్త్రమునకు ప్రీతిపాత్రము. నగరపు అడవులందును అదియే వరుసలు తీరినది. ఆ చెట్టు ఆల్ప్స్ ప్రాంతమునకు పరాయిది కాదు గాని, ఒంటరిగా వనమంతయు తానే యగుట ఆ నేలకు సహజము కాదు. దాని సూదులు రాలి మన్ను పులిసిపోవును. వేళ్లు పైపైననే పరచుకొనుటచే గాలికి కూలును. కూలినచోట నేల తెరచుకొని దాచియుంచిన నత్రజని ఒక్కపెట్టున నీటిలోనికి విడువబడును. 1990వ సంవత్సరమున శీతకాలాంతమున వీచిన పెనుతుపానులు దక్షిణ జర్మనీ అడవులను నేలమట్టము చేసి ఈ దోషమును కన్నుల గట్టించినవి. బీచి వృక్షము లోతుగా వేళ్లు దించును. చలికాలమున ఆకు రాల్చుటచే వాననీరును మంచునీరును కొమ్మలపై చిక్కుకొనక నేలను చేరును. కావున బీచి, ఫర్ మొదలగు ఆ నేలకు తగిన జాతులను స్ప్రూస్ నీడలోనే నాటి, వనమును మెల్లమెల్లగా మిశ్రమము చేయుట విధానమయ్యెను.

ఆ పనికి అడ్డు వచ్చినది జింక. మోకాలెత్తు ఫర్ మొక్కకు కొనయందొక్క మొగ్గ యుండును. ఎత్తు పెరుగుట కదియే ఆధారము. చలికాలమున ఆకలిగొన్న జింకకు స్ప్రూస్ కంటె ఆ లేతమొగ్గ రుచి. అది కొరికినచో మొక్క గిడసబారి, ప్రక్కనున్న స్ప్రూస్ దానిని మించిపోవును. జింకల సంఖ్యను వేటచే అదుపులో నుంచిన తావులందే ఫర్ పిల్లలు కంచె లేకయే తలయెత్తినవి. నీటి శుద్ధి కడకు ఒక మొగ్గపై ఆధారపడుట నన్ను విస్మయపరచిన సంగతి.

లోయనంతయు కొనుట సాధ్యము కాదు. నైట్రేటు లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాములకు పెరుగగా, అనుమతించు హద్దు 50 ఐనను, అంతవరకు వేచియుండక నగరమువారు 1992లో రైతులతో ఒడంబడిక కుదుర్చుకొని, సేంద్రియ వ్యవసాయమునకు మారినవారికి హెక్టారున కింతయని ఏటేట సొమ్మిచ్చుట కారంభించిరి. పదుల కొలదిగా రైతులు చేరిరి. నైట్రేటు తగ్గుముఖము పట్టెను. ఐనను ఊటల చుట్టునున్న జలరక్షితమండలపు ఎల్లలను పెంచవలెనని కోరుటయు, తమ భూములపై ఆంక్షలు పెరుగునని లోయవాసులు ఎదిరించుటయు నేటికిని తెగని వివాదముగనే యున్నది.