చైనాలో తేయాకు బేరం – కర్నూలుతో దాని బంధం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యవర్గం వారు కోరారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ట్రెజరీలో బిల్లులు సరిచూసి రిటైరైనవాణ్ణి. అయితే చైనాలో తేయాకు కొనబోయి నేను తెలుసుకున్న చరిత్ర కొంత ఉంది. అందులో మన కర్నూలు కూడా ఉంది కనుక మీ ముందుంచుతున్నాను.

మాది ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో రాతి గుట్టల పక్కన ఉన్న ఊరు. నా చిన్నతనంలో వానలు లేని ఏడు మా ఇంట్లో సాయంత్రం సంగటి ఎసరుకు బదులు టీ నీళ్ళు మరిగేవి. పాలు ఉండవు. బెల్లం వేసి మా అమ్మ తలా ఒక గ్లాసు పోసేది. "ఇది తాగి పండుకోండి నాయనా, ఆకలి తెలీదు" అనేది. ఉద్యోగం వచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

మా అబ్బాయి బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలకు రాళ్ళు కోసే బ్లేళ్ళు సరఫరా చేస్తాడు. సరుకు కోసం చైనా పోతూ 2018లో నన్నూ వెంట తీసుకుపోయాడు. ఇప్పుడు మా ఊరి దగ్గరే విమానాశ్రయం ఉంది. 2021 మార్చిలో ప్రారంభమైంది. అప్పుడది లేదు కాబట్టి బస్సులో హైదరాబాదు పోయి విమానమెక్కాము. దిగింది గ్వాంగ్జౌ నగరంలో. మనం బడిలో కాంటన్ అని చదువుకున్న ఊరు అదే.

అక్కడ ఫాంగ్‌సున్ అనే పేటలో తేయాకు టోకు మార్కెట్టు ఉంది. మన గుంటూరులో మిరపకాయల యార్డు ఎలాగో అక్కడ తేయాకు అలాగ. వీధులకు వీధులే అంగళ్ళు. కొన్నిటిలో తేయాకును పిడకల్లాగా గుండ్రంగా అదిమి కాగితం చుట్టి అమ్ముతారు. దాన్ని పూఅర్ అంటారు. ఒక్కొక్క బిళ్ళ మామూలుగా 357 గ్రాములు, కట్టకు ఏడు బిళ్ళలు.

మేము ఒక చిన్న అంగట్లో కూర్చున్నాము. అక్కడ రుచి చూడకుండా ఎవరూ కొనరు. అంగడామె మూతగిన్నెలో ఆకు వేసి మరిగే నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు పారబోసింది. నేను అయ్యో అనుకున్నాను. ఆకు కడగడానికట. తర్వాత అదే ఆకుతో అయిదారు సార్లు తీసి, చిన్న చిన్న గిన్నెల్లో పోసింది. పాలు లేవు, చక్కెర లేదు. పోసినప్పుడల్లా మా అబ్బాయి రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు. అక్కడ ధన్యవాదాలు చెప్పే పద్ధతి అదేనట. నేనూ తట్టాను. ఆమె నవ్వి మళ్ళీ పోసింది.

నాకు నచ్చిన రకం పేరు తియెగ్వాన్‌యిన్. పక్కనున్న ఫూజియెన్ రాష్ట్రంలోని అన్‌షీలో పండుతుంది. గ్వాన్‌యిన్ అంటే వాళ్ళ కరుణామూర్తి అయిన దేవత. మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే అక్కడ అమ్మవారయ్యాడు. బోర్డు మీద 120 అని ఉంది. యువాను మన పది రూపాయలకు కొంచెం పైన ఉండేది. కిలో పన్నెండు వందలే కదా అని కిలో కట్టమన్నాను. తీరా బిల్లు 240 అయింది. మోసమనుకుని నేను గొంతు పెంచాను. మా అబ్బాయి చెవిలో "నాయనా, ఇక్కడ ధర కిలోకు కాదు, జిన్‌కు. జిన్ అంటే అర కిలో" అన్నాడు. ట్రెజరీలో పైసా తేడా వస్తే ఊరుకోని నేను కొలత అడక్కుండానే బేరం చేశాను! ఆమెకు చేతులు జోడించి, ఒక జిన్ మాత్రమే తీసుకున్నాను.

ఆ జిన్‌లో పదో వంతును లియాంగ్ అంటారు. విదేశీ వర్తకులు దానికి పెట్టుకున్న పేరు టేల్. అది మలయా భాష మీదుగా మన తులం నుంచే వచ్చిందని అంటారు. ఆకు పేరూ అంతే. ఫూజియెన్ రేవుల్లో తేయాకును తే అంటారు. డచ్చివారి ఓడల మీద అది ఐరోపా చేరి, ఇంగ్లీషు ద్వారా మనకు టీ అయింది. చైనాలో మిగతా చాలా చోట్ల చా అంటారు. అది భూమార్గాన పర్షియా చేరి, ఉర్దూ ద్వారా మనకు చాయ్ అయింది. మా ఓర్వకల్లులో టీ అంటాము, కర్నూలు పాతబస్తీలో చాయ్ అంటారు. మాటలు వచ్చిన దారులు వేరు, బయలుదేరిన దేశం ఒకటే.

ఇక అసలు సంగతి. మేము దిగిన లాడ్జి సాన్‌యువాన్‌లీ అనే పేటలో ఉంది. దగ్గరే ఒక పాత గుడిని మ్యూజియం చేశారు. 1841 మే నెలలో ఆ పల్లెల జనం ఇంగ్లీషు సైన్యాన్ని ఎదిరించినందుకు గుర్తు అది. ఆ పోరులో పెద్ద వర్షంలో దారి తప్పి చుట్టుముట్టబడిన సిపాయిలు ఎవరో తెలుసా? 37వ మదరాసు పదాతి దళం వారు. వానకు వాళ్ళ తుపాకులు పేలలేదు. ఆ రోజుల్లో మదరాసు సైన్యంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు.

మనవాళ్ళకు అక్కడేం పని? మూలం తేయాకే. ఇంగ్లండుకు చైనా తేయాకు కావాలి. చైనా వెండి తప్ప వేరే సరుకు పెద్దగా కోరలేదు. వెండి పోకుండా ఉండాలని బీహారు, కాశీ ప్రాంతాల్లో కంపెనీ నల్లమందు పండించి కలకత్తాలో వేలం వేసేది. వర్తకులు దాన్ని దొంగతనంగా కాంటన్ చేర్చేవారు. 1839 జూన్‌లో లిన్ జెషూ అనే అధికారి ఆ నల్లమందును పట్టి నాశనం చేయించాడు. దాని మీద యుద్ధం వచ్చింది. 1842లో నాన్‌కింగ్ ఒడంబడికతో ముగిసింది.

అదే 1839 అక్టోబరులో, ఆయుధాలు దాచాడన్న అభియోగంపై కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ వారు జొహరాపురం దగ్గర పోరాడి పట్టుకున్నారు. తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడు ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు మీదికి వచ్చినదీ, చైనాకు ఓడలెక్కినదీ ఒకే మదరాసు సైన్యం. ఇంకొకటి కూడా ఉంది. అస్సాం తేయాకు మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది 1839 జనవరిలోనే.

తర్వాత 1848లో కంపెనీ రాబర్ట్ ఫార్చ్యూన్ అనే తోటల నిపుణుణ్ణి చైనాకు పంపింది. అతడు చైనావాడి వేషం వేసుకుని తిరిగి, మొక్కలను, విత్తనాలను, పనివాళ్ళను కూడా హిమాలయ తోటలకు చేర్చాడు. మన దేశంలో తోటలు పెరిగాయి గాని తాగే అలవాటు చాలామందికి లేదు. 1903లో తేయాకు ఎగుమతిపై సుంకం చట్టం చేసి, ఆ డబ్బుతో ప్రచారం సాగించారు. 1930ల్లో ధరలు పడిపోయాక ఆ ప్రచారం దేశంలోనే ముమ్మరమైంది. ఊరికే పోసి అలవాటు చేశారు. ఆ కాలంలోనే అస్సాంలో ఆకును నలిపి, చించి, ఉండలు చుట్టే సీటీసీ యంత్రం వచ్చింది. దాని నుంచి వచ్చే పొడి, డస్టు చిటికెడు వేస్తే చిక్కగా దిగుతుంది, ధర తక్కువ. అలా చక్రవర్తులు తాగిన ఆకు తిరిగి తిరిగి, పేదవాళ్ళకు అందే రూపంలో మా అమ్మ పొయ్యి మీదికి వచ్చింది.

తిరిగి వచ్చాక మన సంఘం భవనంలో నెలవారీ సమావేశానికి ఆ ఆకు తెచ్చి కాచి పోశాను. ఒకాయన గ్లాసులోకి తొంగి చూసి, "ఏం సార్, పాలు మరిచినారా?" అన్నాడు. ఇంకొకాయన "ఈ కసువు నీళ్ళకా అంత దుడ్డు పెట్టినారు?" అన్నాడు. అందరం నవ్వుకున్నాము. చివరికి పాలు, చక్కెర తెప్పించక తప్పలేదు.

నేను మాత్రం పాలు లేకుండానే తాగాను. తాగుతుంటే అమ్మ పోసిన బెల్లం టీ గుర్తొచ్చింది. అప్పుడే మొదటిసారి ఆ ఆకలి రోజుల సంగతి మిత్రులకు చెప్పాను. ఒకరిద్దరు తలలు వంచుకుని, "మా ఇంట్లోనూ అంతే సార్" అన్నారు. ఇన్నేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చుని పనిచేసినవాళ్ళం, ఒకరికొకరం ఆ మాట చెప్పుకోలేదు. ఇప్పుడు మనవలకు కూడా చెబుతున్నాను. మీరూ మీ ఇళ్ళలో చెప్పండి. చైనా పోయేవారు ఎవరైనా ఉంటే, ధర ఎంత అని అడిగే ముందు కొలత ఎంత అని అడగండి. సెలవు.