191వ నమూనా

1971 అక్టోబరు 4. బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య పరిశోధనా సంస్థ. మలేరియా ఎక్కించిన ఎలుకల రక్తపు చుక్కల్ని గాజుపలకల మీద పూసి సూక్ష్మదర్శిని కింద పెడుతున్నారు. మొదటి పలకలో క్రిమి లేదు. రెండోదాంట్లో లేదు. తర్వాత దాంట్లోనూ లేదు. ఆ ఎలుకలకు ఇచ్చింది 191వ నమూనా. ఫలితం నూటికి నూరు.

ఈ బృందానికి నాయకురాలు తు యుయు. డాక్టరేట్ లేదు, విదేశీ చదువు లేదు.

కథ అంతకు నాలుగేళ్ల ముందే మొదలైంది. అడవుల్లో పోరాడుతున్న ఉత్తర వియత్నాం సైనికుల్ని మలేరియా మంచాన పడేస్తోంది. అప్పట్లో వాడే మలేరియా మందు క్లోరోక్విన్ మింగినా జ్వరం దిగడం లేదు. సాయం చేయమని ఆ దేశం చైనాను అడిగింది. 1967 మే 23న రహస్యంగా పని మొదలైంది. ఆ తేదీయే పేరయింది: ప్రాజెక్ట్ 523.

క్లోరోక్విన్ ఎందుకు చతికిలపడింది? అంతకుముందు దాన్ని ఎడాపెడా వాడేశారు. కొన్ని దేశాల్లో వంట ఉప్పులో కలిపి మరీ పంచారు. ఒంట్లో కాస్త కాస్త మందు ఎప్పుడూ ఉంటే అది క్రిమిని చంపడానికి చాలదు, క్రిమి రాటుదేలడానికి మాత్రం సరిపోతుంది. 1950ల చివరికే థాయ్‌లాండ్-కంబోడియా సరిహద్దులో ఆ ఛాయలు కనిపించాయి.

1969 జనవరిలో తు యుయుకు పిలుపు వచ్చింది. సాంస్కృతిక విప్లవం రోజులవి. భర్తను పల్లెకు పంపేశారు. పెద్ద కూతుర్ని శిశుసంరక్షణ కేంద్రంలో, చంటిదాన్ని పుట్టింట్లో వదిలి ఆమె పనిలో దిగారు. తర్వాత కలిసినప్పుడు చిన్నపిల్ల అమ్మను గుర్తుపట్టలేదు.

పాత గ్రంథాలు తిరగేసి, నాటువైద్యుల్ని అడిగి 2,000కు పైగా చిట్కాలు పోగేశారు. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఒకటి. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి అది దగ్గరి చుట్టమే. ఒకసారి దాని సారం 68 శాతం పనిచేసింది. మళ్లీ చేస్తే అంత రాలేదు. తప్పెక్కడో అంతుపట్టలేదు.

ఆమె మళ్లీ నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ పుస్తకం తెరిచారు. ఆయన ఆ ఆకును కాచమనలేదు. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మూలికంటే మరిగించాల్సిందేనన్నది అలవాటు. మరి ఆ వేడికే మందు చచ్చిపోతోందేమో? ఆమె ఈథర్‌ను ఎంచుకున్నారు. అది 35 డిగ్రీలకే మరుగుతుంది. అలా తీసిన సారంలో విషగుణమున్న ఆమ్ల భాగాన్ని వేరుచేసి, మిగిలిన దాన్ని ఎలుకలకిచ్చారు. అదే 191.

మనుషులకివ్వాలంటే కిలోల కొద్దీ ఆకు కావాలి. మందుల ఫ్యాక్టరీలు మూతపడి ఉన్నాయి. ఇళ్లలో వాడే పెద్ద తొట్లలో ఆకును ఈథర్‌లో నానబెట్టారు. గాలి ఆడని గదుల్లో ఆ ఆవిరికి సిబ్బందికి తలనొప్పులు పట్టుకున్నాయి. తు యుయుకు కాలేయం దెబ్బతింది. అయినా ఆగలేదు. మందు విషమవుతుందేమోనన్న అనుమానం తీర్చడానికి 1972 జులైలో ఆమె, ఇద్దరు సహచరులు ముందుగా తామే మింగి ఆసుపత్రిలో చేరారు. ఏమీ కాలేదు. ఆ ఆగస్టులో హైనాన్ దీవికి వెళ్లి 21 మంది రోగులకిచ్చారు. జ్వరాలు దిగాయి. నవంబరులో ఆ మందు స్ఫటికాలుగా చేతికొచ్చింది. అదే ఆర్టెమిసినిన్. నోబెల్ మాత్రం 2015 దాకా రాలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే కంచికి పోతుంది. కానీ క్రిమి పోలేదు. ఆర్టెమిసినిన్ క్రిముల్ని చకచకా చంపుతుంది, అంతే త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది. మిగిలిపోయిన వాటి పని పట్టడానికి ఎక్కువ కాలం నిలిచే ఇంకో మందు తోడు కావాలి. చాలాచోట్ల ఆర్టెమిసినిన్‌ను ఒంటరిగానే అమ్మేశారు. అలా అమ్మవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో గట్టిగా చెప్పింది. కొన్నేళ్లలోనే పశ్చిమ కంబోడియా నుంచి కబురొచ్చింది: క్రిములు చావడానికి మునుపటికంటే ఎక్కువ సమయం పడుతోందని. క్లోరోక్విన్ ఓడిన ప్రాంతమే అది. 2014లో ఆ మార్పుకు గుర్తు కెల్చ్13 అనే జన్యువులో దొరికింది. ఇప్పుడు రువాండా, ఉగాండాల్లోనూ అలాంటి క్రిములున్నాయి.

2019లో తు యుయు బృందం ఒక ఉపాయం చెప్పింది: మూడు రోజుల చికిత్సను ఐదు నుంచి ఏడు రోజులకు పెంచడం, తోడు మందును మార్చి ఇవ్వడం. కొత్త మందు కనిపెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో అనుభవించినావిడ కనుకే ఉన్న మందును కాపాడుకోవడం మీద పడ్డారు.

మన మన్యం పల్లెల్లో ఆశా కార్యకర్త ఇచ్చే మలేరియా మాత్రల్లోనూ ఆర్టెమిసినిన్ కుటుంబపు మందే ఉంది. రెండో రోజుకే ఒళ్లు తేలికపడుతుంది, మూడో రోజు మాత్ర అటకెక్కుతుంది. దాన్ని మింగించడం ప్రయోగశాలలో 191వ నమూనా కోసం పడ్డ కష్టంలో మిగిలిన భాగం. అది తు యుయు చేయగలిగింది కాదు, మనం చేయాల్సింది.