చెన్నరాజధాని చెల్లించిన కేంద్రకప్పము

రాజ్యమునకు సప్తాంగములు చెప్పిన నీతిశాస్త్రజ్ఞులు కోశమును వానిలోఁ జేర్చిరి. అయిన నా కోశమును నింపువా రెవ్వరు, వ్యయించువా రెవ్వరు, ఆ వ్యయమునకుఁ బ్రజలయెదుట నుత్తరవాదు లెవ్వరు అను మూఁడు ప్రశ్నలకు నొక్కటే సమాధానము రానిచోఁ గోశ మెంత నిండియున్నను బరిపాలనము చక్కఁబడదు. ఆంగ్లేయపాలనమునఁ జెన్నరాజధానికి సంభవించిన రాజస్వవిభాగము దీనికి నిదర్శనము.

1833వ సంవత్సరపు చట్టముచే రాష్ట్రముల యార్థికాధికారము గవర్నరుజనరలునకు సంక్రమించెను. ఆయన యనుమతి లేక జీతముగల క్రొత్తయుద్యోగము నొక్కదాని నైన సృష్టించుటకు రాష్ట్రమునకు వీలు లేకపోయెను. శిస్తు వసూలు చేయువారు రాష్ట్రాధికారులు. ధనము మాత్రము కలకత్తా యధీనము. మితవ్యయము చేసిన రాష్ట్రమునకు మిగులు దక్కదు. గట్టిగా నడిగిన రాష్ట్రమునకే యెక్కువ లభించును. కావున వసూలునందు శ్రద్ధయు వ్యయమునందు మితియు సన్నగిల్లెను.

ఈ దోషమును గుర్తించి మేయోప్రభువు 1870 డిసెంబరు 14వ తేదీ నిర్ణయముచేఁ జెఱసాలలు, రిజిస్ట్రేషను, పోలీసు, విద్య, వైద్యము, రహదారులు మున్నగు శాఖలను రాష్ట్రముల కప్పగించి, వానికై నియతధనము నేర్పఱచెను. అది చాలనిచో స్థానికముగాఁ బన్నులు విధించుకొనవలెను. చెన్నరాజధానియందు 1871వ సంవత్సరపు స్థానికనిధుల చట్టము వెలసినది యిందులకే. మిగులు రాష్ట్రమునకే దక్కుటచే మితవ్యయమునకుఁ బ్రోత్సాహము గలిగెను. కాని నియతధనము పెరుఁగదు. ప్రజల యవసరములు పెరుఁగును. అందుచే 1882లో రిప్పనుప్రభువు కాలమున నాదాయములు కేంద్రీయములు, రాష్ట్రీయములు, ఉభయసాధారణములు అని మూఁడు తెఱఁగుల విభజింపఁబడి, యైదేండ్ల కొకసారి పునఃపరిశీలనము నియమింపఁబడెను. ఆ పరిశీలనమునఁ గూడఁబెట్టినవారి మిగులును గేంద్రము గైకొనుచుండుటచే, గడువు ముగియకమున్నే వ్యయించివైచుటయే రాష్ట్రములకు నీతి యయ్యెను. ఈ చంచలత్వమును బాపుటకే 1904లో విభాగము దాదాపు స్థిరముగను, 1912లో శాశ్వతముగను జేయఁబడినది.

1919వ సంవత్సరపు చట్టముచే భూమిశిస్తు, నీటిపారుదల, ఆబ్కారి, స్టాంపులు రాష్ట్రములకును. ఆదాయపుపన్ను, సుంకములు, ఉప్పు, నల్లమందు కేంద్రమునకును వచ్చెను. దీనిచేఁ గేంద్రమునకు 983 లక్షల రూపాయల లోటు గలిగెను. ఆ లోటును రాష్ట్రములు కప్పముగాఁ దీర్పవలె నని నిశ్చయింపఁబడఁగా, నెవరి భాగ మెంతయో 1920లో మెస్టనుప్రభువు సంఘము నిర్ణయించెను. నూతనవిభాగముచేఁ జెన్నరాజధానికి 576 లక్షల వ్యయశక్తి పెరుఁగునని లెక్కించి, అందు 348 లక్షలు కప్పముగా విధించిరి. ఇది మొత్తములో మూఁడవవంతునకు మించినది. సంయుక్తరాష్ట్రములకు 240, పంజాబునకు 175 లక్షలు పడఁగా, వంగమునకు 63, బొంబాయికి 56 మాత్రమే పడెను. గోదావరి, కృష్ణ యానకట్టల క్రిందఁ బండించు రైతు చెల్లించిన శిస్తును నీ లెక్కలోనిదే. అయినను దక్కువ చెల్లించిన రాష్ట్రములును సంతోషింపలేదు. వాణిజ్యసమృద్ధమైన బొంబాయి, వంగదేశములయందుఁ బెరుఁగు నాదాయపుపన్ను కేంద్రమునకుఁ బోయెను. వంగమున మిగిలిన భూమిశిస్తు శాశ్వతనిర్ణయముచేఁ గదలనిది. విభాగము నంకెలతోనే నిర్ణయింపరా దనియు, ఏ పన్ను పెరుఁగునది యేది పెరుఁగనిది యని చూడవలె ననియు నిందువలనఁ దెలియును.

కప్పముయొక్క ఫలము పాఠశాలలయందుఁ గనఁబడెను. ద్వంద్వప్రభుత్వమున విద్య మంత్రులకును, ఆర్థికశాఖ గవర్నరు కార్యనిర్వాహకసభ్యునకును జెందెను. 1920వ సంవత్సరపు ప్రాథమికవిద్యాచట్టము స్థానికసంస్థలకు విద్యాపన్ను విధించు నధికార మొసఁగి, దాని కీడుగాఁ బ్రభుత్వధనమును వాగ్దానము చేసెను. కాని మిగులులో నధికభాగము ఢిల్లీకిఁ బోవుచుండఁగాఁ బల్లెబడికి ధన మెక్కడిది? తాను వ్యవసాయమునకు మంత్రియే గాని నీటిపారుదల తనచేత లేదని యభివృద్ధిమంత్రి కూర్మా వేంకటరెడ్డినాయుఁడు వాపోయెను. వైయాకరణులు స్వతంత్రునకే కర్తృత్వము నంగీకరింతురు. పరునిచేతఁ బ్రయోగింపఁబడునది కరణము. నాఁటి మంత్రులు నామమాత్రమునఁ గర్తలు, వస్తుతః కరణములు.

కప్పము 1927-28లో నిలుపఁబడి, 1928-29 నుండి శాశ్వతముగాఁ దొలఁగింపఁబడెను. 1936లో నీమేయరు నిర్ణయము ఆదాయపుపన్నులో సగమును రాష్ట్రములకుఁ బంచి, యందుఁ జెన్నరాజధానికి నూటికి 15 వంతు లిచ్చెను. స్వతంత్రభారతరాజ్యాంగము 280వ యధికరణముచే నీ పంపకమును నిర్ణీతకాలమున కొకసారి యేర్పడు నార్థికసంఘమునకు వదలెను. మొదటి సంఘము 1951లో నియమింపఁబడినది. 1992వ సంవత్సరపు రాజ్యాంగసవరణములచే గ్రామ, పురసంస్థలకును బ్రతిరాష్ట్రమున నట్టి సంఘ మేర్పడవలసి వచ్చెను. చెన్నరాజధాని నాఁడు కేంద్రము నడిగిన ప్రశ్ననే గ్రామము నేఁడు రాష్ట్రము నడుగుచున్నది: కార్యభార మొసఁగినవారు, దానితోఁ బెరుఁగు నాదాయము నొసఁగిరా?