ఇంటి దగ్గర కారు పాలిషింగ్

కారు పెయింటు పైపొరను సన్నటి పాలిష్ మందుతో రవ్వంత అరగదీసి, గీతలు పోగొట్టి మెరుపు తెప్పించడమే పాలిషింగ్. మన టింకరింగ్ షెడ్లలో దీన్ని ‘రబ్బింగ్’ అంటారు. వ్యాక్స్ పూయడం వేరు. వ్యాక్స్ గీతను కప్పిపెడుతుంది. పాలిష్ మాత్రం గీత చుట్టూ ఉన్న పెయింటునే గీత అడుగు దాకా దించేస్తుంది. అంటే పాలిష్ పట్టిన ప్రతిసారీ కారు ఒంటి మీద పెయింటు కొంత తరుగుతుంది. ఈ పని చరిత్రంతా ఆ తరుగును అదుపులో పెట్టుకోవడానికి పడ్డ తంటాలే.

తొలినాటి కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే కుంచెతో వార్నిష్ వేసేవారు. పూత మీద పూత ఆరేసరికి వారాలు గడిచేవి. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకు డ్యూపాంట్ వారి ‘డ్యూకో’ లక్కర్ వాడటంతో ఆ బాధ తీరింది. స్ప్రే గన్‌తో కొడితే చకచకా ఆరిపోయేది. అయితే ఆరాక కళ ఉండేది కాదు, రుద్దితేనే మెరుపు. ఎండకు సుద్దలా పొడిబారేది కూడా. ఎర్ర కారును తుడిస్తే గుడ్డ ఎర్రబడేది.

ఈ రుద్దుడే అమెరికాలో పెద్ద వ్యాపారమైంది. షికాగో కంపెనీ సైమొనిజ్ పేరు చివరికి ‘కారుకు మెరుగు పెట్టడం’ అనే క్రియాపదంగా మారిపోయింది. 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన మెగ్వాయర్స్ కార్ల వైపు మళ్లింది. 1940లలో షికాగోలో బెన్ హిర్ష్ ఇంటి స్నానాల తొట్టిలో కలిపిన పాలిషే తర్వాత టర్టిల్ వ్యాక్స్ అయింది. ఇళ్లలో మాత్రం పనిముట్టు చెయ్యే. ఆదివారమంతా రుద్దినా బానెట్ దాటితే గొప్ప.

మెషిన్ లేక కాదు. షెడ్లలో రోటరీ పాలిషర్ ఉండనే ఉంది. ఒకే ఇరుసు మీద నిమిషానికి 3,000 దాకా చుట్లు తిరిగే ఆ యంత్రం నేర్పరి చేతిలో అద్భుతం, కొత్తవాడి చేతిలో ప్రమాదం. డోర్ అంచు దగ్గర క్షణం ఆగితే చాలు, వేడికి పెయింటు కాలిపోయి ప్రైమర్ బయటపడుతుంది.

1980ల నుంచి రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ వేసే పద్ధతి విస్తరించింది. మెరుపంతా ఆ పొరదే. మందం మాత్రం సుమారు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పలచన. అది పూర్తిగా అరిగిపోయిందంటే మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

దారి చూపింది వడ్రంగి సామాను. చెక్కను నునుపు చేసే రాండమ్ ఆర్బిట్ శాండర్‌కు కాగితం బదులు స్పాంజి ప్యాడ్ తగిలిస్తే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ అవుతుంది, వాడకంలో ‘డీఏ’. దీని ప్యాడ్ కుదుపుతో చిన్న వలయంలో ఊగుతూ, తనంతట తాను నెమ్మదిగా తిరుగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది. ఆ మొరాయింపే కారు యజమానికి రక్షణ. అమెరికన్ గ్యారేజీల్లో పోర్టర్ కేబుల్ 7424 బాగా పేరు తెచ్చుకుంది. దాని ఊపు 8 మిల్లీమీటర్లు. ఇటలీకి చెందిన రూపెస్ ‘బిగ్‌ఫుట్’ మెషిన్లతో ఆ ఊపును 15, 21 మిల్లీమీటర్లకు పెంచి పనిలో వేగం తెచ్చింది.

పని చేసేవాళ్లు ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కర్‌తో ఒక నల్లగీత గీసుకుంటారు. గీత గిర్రున తిరుగుతుంటే ఒత్తిడి సరిపోయినట్టు, నిలిచిపోతే చెయ్యి బరువెక్కినట్టు. కారు కడిగి, అంటుకున్న మురికి పోయేలా క్లే (మట్టి ముద్ద) రుద్ది, రబ్బరు బీడింగులకు టేపు అతికిస్తారు. ప్యాడ్ మీద బఠానీగింజంత మందు నాలుగు చుక్కలు పెట్టి, రెండడుగుల చదరంలో నిలువుగా, అడ్డంగా నెమ్మదిగా నడుపుతారు. ఎండలో చేయకూడదు, మందు ఎండి అట్టకడుతుంది.

మన ఊళ్లలో నల్ల కార్ల మీద కనిపించే సాలెగూడు గీతల్లో చాలా భాగం పొద్దున్నే దుమ్ము మీద పొడి గుడ్డ తిప్పడం వల్ల పడ్డవే. పాలిష్ పట్టించిన మర్నాడే మళ్లీ ఆ గుడ్డ తిరిగితే కథ మొదటికి వచ్చినట్టే.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ దొరకనివాళ్ల కోసం ఇప్పుడు లిథియం బ్యాటరీ మెషిన్లు వచ్చాయి. ఒక్క బ్యాటరీతో కారంతా అయ్యేది అరుదు. బానెట్, రూఫ్ అయ్యేసరికి రెండోది ఛార్జింగ్ నుంచి తీసుకోవాల్సి వస్తుంది.