ఆంగ్లపదములకు పట్టిన మైల

మన ఆలంకారికులు గ్రామ్యమును, అశ్లీలమును వేర్వేరు దోషములుగా నెన్నిరి. ఆంగ్లేయులు 'వల్గర్' అను నొక్క మాటతోనే యీ రెంటిని నిందించుచుందురు. లాటినులో దీనికి మూలమైన పదమునకు సామాన్యజనమనియే యర్థము. జనులాడుకొను మాట యెప్పుడు, ఏల బూతుమాట యయ్యెనో విచారించుట వినోదమునకు మాత్రమే కాదు. వైద్యునియెదుట తన బాధను చెప్పుకొనలేని స్త్రీకి ఈ చరిత్రతో నెక్కువ సంబంధము గలదు.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిరి. రాజసభలో ఫ్రెంచియు, మఠములలోను విద్యాశాలలలోను లాటినును నెలకొనగా, ఇంగ్లీషు పొలములకును వంటయిండ్లకును మిగిలెను. నాటినుండియే సేవకుల మాటలు నీచములును, ప్రభువుల మాటలు సభ్యములును అయ్యెనని పెక్కండ్రు చెప్పుదురు. ఇందు కొంత నిజము లేకపోలేదు గాని మాకిది పూర్తిగా నచ్చదు. 1400 ప్రాంతమున, లాన్‌ఫ్రాంకు అను ఇటలీ వైద్యుని శస్త్రచికిత్సాగ్రంథమును ఇంగ్లీషులోనికి దెచ్చిన యనువాదకుడు స్త్రీ జననావయవమును దేశ్యపదముతోనే, ఏ సంకోచమును లేక, పేర్కొనెను. నేడు ఆ భాషలో దానికంటె అసభ్యమగు మాట దొరకుట కష్టము. (మేమును దాని నిచట వ్రాయజాలకున్నాము, చదువరులు నవ్వుదురు గాక.) మూత్రవిసర్జనమును దెలుపు మరియొక మోటుమాట యన్ననో ఫ్రెంచినుండి వచ్చినదే. 1611లో జేమ్సు రాజు కాలమున వెలువడిన బైబిలులో నది యున్నది. చర్చిలలో బిగ్గరగా చదువబడినది కూడ. 1833లో అమెరికా నిఘంటుకర్త నోవా వెబ్‌స్టరు బైబిలును సవరించుచు నట్టి మాటలను దొలగించెను. కావున పదమునకు మైల పుట్టుకవలన వచ్చినది కాదు.

నిఘంటుకర్తల తీరును విచిత్రమే. 1755లో శామ్యూల్ జాన్సను మూత్రమును, అపానవాయువును దెలుపు మోటుమాటలను చేర్చుకొని, పైన జెప్పిన శరీరపదమును విడిచెను. 1884 మొదలు 1928 వరకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువునను అది లేదు. దానికి చోటు దొరకుటకు 1972 నాటి అనుబంధ సంపుటము రావలసివచ్చెను.

సభ్యపదమైనను చిరకాలము శుభ్రముగా నుండదు. 'టాయిలెట్' అనగా ఫ్రెంచిలో మొదట చిన్న వస్త్రము. అది అలంకరణపు బల్లపై పరచు గుడ్డకును, పిదప అలంకరణమునకును, అలంకరించుకొను గదికిని, తుదకు మరుగుదొడ్డికిని పేరయ్యెను. 'లావెటరీ' అనగా కడుగుకొను చోటు. ఒక మాటకు కంపు తగులగనే యింకొకటి వెదకికొనిరి. అమెరికావారు ఇప్పుడు దానిని విశ్రాంతిగది యనుచున్నారు. అచట విశ్రమించువారెవరో మేమెరుగము.

మరుగుదొడ్డి విషయమున నిది నవ్వులాట. శరీరవిషయమున నట్లు కాదు. మోటుమాటను వెలివేసిన చోటికి వైద్యులు లాటినునుండి 'వజైనా' అను పదమును దెచ్చిరి. దాని యర్థము కత్తియొర! వైద్యునకది చాలును. లాటిను రాని యిల్లాలికో, తెలిసిన మాట పలుకరానిది, పలుకదగిన మాట తెలియనిది. ఆమె 'క్రింద' అనియో 'లోపల' అనియో చెప్పి యూరకుండవలెను. మన యిండ్లలో మాత్రము వేరుగా నున్నదా? గర్భాశయరోగమునకు సైతము కడుపునొప్పి యని చెప్పెడి తల్లులను మేమెరుగుదుము.

మాట యున్నంతమాత్రమునను చాలదు. 'బ్రెస్ట్' అనునది ప్రాచీనాంగ్లపదమే. నిఘంటుకర్తలు దానిని వెలివేయలేదు. అయినను ఆ పదముతో గూడిన క్యాన్సరు పేరు ఇండ్లలో చాలకాలము గుసగుసగానే వినబడెను. 1974లో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు తనకా వ్యాధి కలిగినదనియు, శస్త్రచికిత్సచే రొమ్ము తీసివేయబడినదనియు దాచక లోకమునకు దెలిపెను. పత్రికలు ఆ మాటను ఉన్నదున్నట్లు ప్రకటించినవి. అటుపిమ్మట పరీక్షకై వైద్యులయొద్దకు వచ్చిన స్త్రీల సంఖ్య ఒక్కసారిగా పెరిగెను.