ఏ కందనూలుకు?

గద్వాల బస్టాండులో ఒకప్పుడు పెద్దమనిషెవరైనా "కందనూలు బస్సు ఎప్పుడుందప్పా?" అని అడిగితే పక్కనున్నవాళ్ళు ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు: "ఏ కందనూలుకు?" కర్నూలు పాత పేరు కందనవోలు. నాగర్‌కర్నూలును ఇప్పటికీ పత్రికల్లో, జనం నోట కందనూలనే అంటారు. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసిన బండ్లు తుంగభద్ర దాటే ముందు ఆగి ఇరుసులకు కందెన పెట్టుకున్న చోటు కందనవోలయిందని కర్నూలువాళ్ళు చెబుతారు. నాగర్‌కర్నూలులోనూ ఇలాంటి కందెన కథే వినిపిస్తుంది. కథ నిజమో కాదో గానీ, బండి ఆగిన చోటు ఊరవుతుందన్న సంగతి మాత్రం మా ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది.

ఆ రెండు కందనూళ్ళలో ఒకటి ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంది. దానికి పోవాలంటే నాకు ఆలోచన అక్కర్లేదు. ఒక బస్సు తప్పితే ఇంకోటి, అదీ తప్పితే రైలు. రెండోది మా రాష్ట్రంలోనే, వనపర్తికి అవతలే ఉంది. అక్కడికి పోయినప్పుడల్లా నేను వనపర్తిలో దిగి, ఇంకో బస్సు కోసం నిలబడి, బిజినేపల్లి మీదుగా చేరాను. బయటి ఊరు దగ్గరై లోపలి ఊరు దూరమెట్లయింది? నేను చెప్పబోయేది ఆ సంగతే.

మాది నడిగడ్డ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, మధ్యలో మేము. పడమటికి పోతే రాయచూరు, తుంగభద్ర దాటితే కర్నూలు, రెండూ గంటన్నర లోపు. హైదరాబాద్ మాత్రం నూటతొంభై కిలోమీటర్లు. పెద్ద ఊళ్ళ మధ్య చిన్న రాజ్యంగా బతకడం మాకు కొత్త కాదు. 18వ శతాబ్దం మొదట్లో సోమనాద్రి గద్వాల కోట కట్టించినప్పుడు కూడా ఒకవైపు కర్నూలు నవాబు, ఇంకోవైపు హైదరాబాద్ సుబా. కోటలోని పెద్ద ఫిరంగిని ఆయన కర్నూలు మీద గెలిచి తెచ్చాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను డిగ్రీ చదివింది ఆ కోటలోనే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున్న ప్రభుత్వ కళాశాల అక్కడే ఉంది.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంపిణీవాళ్ళు దించేశాక తుంగభద్ర అవతల ఇంగ్లీషు రాజ్యం, ఇవతల నిజాం రాజ్యం అయ్యాయి. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. దాదాపు ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు లెక్క. సరుకు దాటితే కరోడ్‌గిరీ నాకాలో సుంకం. అయినా పుట్టి ఎక్కి ఏరు దాటేవాళ్ళు ఆగలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఇంటి ముందరే రాజధాని. కాని ఆ రాష్ట్రం మాది కాదు. మాది హైదరాబాద్ రాష్ట్రం, మా జిల్లా రాయచూరు.

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో రాయచూరు జిల్లాలోని గద్వాల, అలంపూర్ తాలూకాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. మేము మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాం. ఏరు అప్పటినుంచి హద్దు కాకుండా పోయింది. 2014 జూన్ 2న మళ్ళీ హద్దయింది. మధ్యలో 58 ఏళ్ళు. ఆ 58 ఏళ్ళలో పుట్టిన మా తరానికి తుంగభద్ర అంటే స్నానాల రేవు, పుష్కరం, పిల్లనిచ్చిన ఇంటికి పోయే వంతెన. ఏటికి అడ్డంగా గీత ఉంటుందని మాకు తెలియదు.

కొత్త హద్దు వచ్చినా రాకపోకలు మారలేదు. ప్రాణం మీదికొస్తే కర్నూలు పెద్దాసుపత్రి. పెళ్ళి బట్టలకు, బంగారానికి కర్నూలో రాయచూరో. పత్తి అమ్మాలంటే రాయచూరు మార్కెట్టు. సాగునీళ్ళు కూడా అటునుంచే రావాలి. రాజోలిబండ ఆనకట్ట రాయచూరు జిల్లాలో ఉంది, దాని కింద 87,500 ఎకరాల ఆయకట్టు మా అలంపూర్ వైపు ఉంది, ఏటి అవతలి గట్టు కర్నూలువాళ్ళది. మా కాలువ నిండాలంటే మూడు రాష్ట్రాలు ఒక మాట మీద ఉండాలి. ఉద్యోగం కావాలంటే మాత్రం హైదరాబాదే. రోజూ మా స్టేషను మీదుగా రాజధానికి పోయే రైళ్ళ పేర్లు చూడండి: తుంగభద్ర ఎక్స్‌ప్రెస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్. రెండూ కర్నూలు ఏర్ల పేర్లే. మేము మధ్యలో ఎక్కేవాళ్ళం.

అందుకే మా పొద్దుటి పలహారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, రాత్రికి జొన్నరొట్టె. మాటలో కన్నడం, ఉర్దూ, సీమ యాస కలగలుపు. నోరు తెరిస్తే ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెడతారు. హైదరాబాద్‌లో గది అద్దెకు అడిగితే "మీది రాయలసీమా?" అన్నారు. కర్నూలులో "మీరు తెలంగాణోళ్ళు కదా" అంటారు. రాయచూరులో ఇప్పటికీ మేము ఆంధ్రావాళ్ళమే. ఒకసారి నాగర్‌కర్నూలులో పెళ్ళికి పోతే, బంతిలో పక్కన కూర్చున్న ముసలాయన నేను రెండు మాటలు మాట్లాడగానే "నడిగడ్డోళ్ళా నాయనా?" అన్నాడు. నాకు భలే సంతోషమేసింది. మూడు నగరాలు పెట్టిన మూడు పేర్లూ తప్పే. సరైన పేరు తెలిసినవాడు ఆ రెండో కందనూలులో ఉన్నాడు.

పేరు తప్పయితే నవ్వి ఊరుకోవచ్చు, కాగితం తప్పయితే ఊరుకోలేం. 2021 మే నెలలో, కరోనా రెండో అల వేళ, కర్నూలు వైపునుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు పోయే అంబులెన్సులను పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. హైకోర్టు కలగజేసుకున్నాకే దారి వదిలారు. కరోడ్‌గిరీ నాకా కథలు పెద్దల నోట విన్నవాళ్ళకు అది పాత సినిమా మళ్ళీ చూసినట్టుంది. 2024 జూలైలో వచ్చిన జీవో 33 ప్రకారం వైద్య విద్యలో స్థానికుడు కావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు తెలంగాణలోనే చదివి ఉండాలి. అలంపూర్ చౌరస్తాలో బస్సెక్కి కర్నూలులో ఇంటర్ చదివి సాయంత్రానికి ఇల్లు చేరే పిల్లవాడు తన ఊళ్ళోనే నాన్‌లోకల్ అన్నమాట. వాడు కాపురం మార్చలేదు, రాత్రి పడుకున్నది అమ్మ పక్కనే. బస్సుపాసు మాత్రం వేరే రాష్ట్రానిది.

ఇదంతా చూసి, పెద్ద ఊళ్ళ మధ్య పడ్డ చిన్న ఊళ్ళ రాత ఇంతేనని అనుకుంటే పొరపాటు. యూరప్‌లో లక్సెంబర్గ్ మన జిల్లా అంత దేశం. ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియం మధ్య ఇరుక్కుని ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో దాదాపు సగంమంది పొద్దున్నే ఆ మూడు దేశాల నుంచి హద్దు దాటి వచ్చి సాయంత్రం ఇళ్ళకు పోతారు. అంటే మధ్యలో ఉండటం తప్పు కాదు. మనుషులు లోపలికి వస్తున్నారా, బయటికి పోతున్నారా అన్నదే తేడా.

మా దగ్గరికీ ఒకప్పుడు లోపలికే వచ్చేవాళ్ళు. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. ఆంధ్ర దేశం నలుమూలల నుంచి కవులు, పండితులు ఏటేటా వార్షికాల కోసం ఇక్కడికి చేరేవాళ్ళు. వచ్చినవాళ్ళు గద్వాలతో ఆగేవాళ్ళు కాదు. కృష్ణ దాటితే ఆత్మకూరు, అంటే అమరచింత సంస్థానం, ఆపైన వనపర్తి, ఆపైన కొల్లాపురం, జటప్రోలు సంస్థానం. తిరుపతి వేంకట కవులు కూడా గద్వాల, ఆత్మకూరు, వనపర్తి ఆస్థానాలకు వచ్చినవాళ్ళే. ఒక చోట శతావధానం చేస్తే దాని ఖబరు వాళ్ళకంటే ముందే ఇంకో చోటికి చేరేది. పడమటి నుంచి తూర్పుకు, సంస్థానం నుంచి సంస్థానానికి పోయే దారి అది. హైదరాబాద్ ఊసు లేని దారి.

అప్పట్లో మావాళ్ళు హైదరాబాద్‌కు పోయినా ఉత్త చేతులతో పోలేదు. వనపర్తి రాజు దగ్గరున్న ఆఫ్రికా రౌతుల దళం నిజాం కొలువుకు మారింది. వాళ్ళు దిగిన పేటనే హైదరాబాద్‌లో ఈనాటికీ ఏసీ గార్డ్స్ అంటున్నారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డి 1920లో హైదరాబాద్ కొత్వాలయ్యారు. పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లలకోసం 1918లో మొదలైన రెడ్డి హాస్టల్‌కు ఆయనే మూలస్తంభం. ఆ హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం మా నడిగడ్డలోని ఇటికాలపాడు. ఆయన చదువు కర్నూలు, హైదరాబాద్, మద్రాసుల మీదుగా సాగింది. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అంతమంది పేర్లు ఆయనకు దొరికాయంటే కారణాల్లో ఒకటి, కవులు నడిచిన మా దారి. 1952 ఎన్నికల్లో ఆయన గెలిచింది వనపర్తి నుంచి. గద్వాల గడ్డ మనిషిని వనపర్తి తన మనిషనుకున్న రోజులు అవి.

1949లో జాగీర్లు, సంస్థానాలు రద్దయ్యాయి. పోవలసినవే; వెట్టి చేసిన ఇళ్ళవాళ్ళెవరూ వాటికోసం కన్నీరు పెట్టలేదు. అయితే రాజులతో పాటు ఆ తూర్పు పడమర దారి కూడా పోయింది. తరువాత వచ్చిన దారులన్నీ ఉత్తర దక్షిణాలే. 44వ నంబరు జాతీయ రహదారి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కర్నూలుకు పోతుంది. రైలు కూడా అంతే. వనపర్తికి 'వనపర్తి రోడ్' అని స్టేషనుంది గానీ అది మదనాపురంలో ఉంది, వనపర్తి పట్నంలో రైలు లేదు. నాగర్‌కర్నూలుకు అసలే లేదు. కరువు వచ్చినప్పుడు ఈ దారులే మహబూబ్‌నగర్ వలస కూలీలకు పడ్డ 'పాలమూరు లేబర్' అన్న పేరును దేశంలోని ప్రతి డ్యాం దగ్గరికీ మోసుకుపోయాయి. ఊరు దాటేందుకు వేసిన దారి ఊళ్ళను కలపలేదు.

తప్పంతా పాలకుల మీద వేయడం కూడా న్యాయం కాదు. 2016 ఆగస్టులో కొత్త జిల్లాల ముసాయిదాలో గద్వాల పేరు లేదు. మమ్మల్ని వనపర్తి జిల్లాలో కలిపారు. ఊరంతా రోడ్డెక్కింది. ఏరు దాటి వనపర్తికి పోవాలా అని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. నాగర్‌కర్నూలుకైతే అది పోయిన హోదా తిరిగి రావడం: 1880ల దాకా జిల్లా కేంద్రం అదే, తరువాత మహబూబ్‌నగర్‌కు మారింది. మా పట్టుదల తప్పని ఇప్పటికీ అనను. కలెక్టరాఫీసు దగ్గరకొచ్చింది, మెడికల్ కాలేజీలొచ్చాయి: వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ 2022లో, మాకు 2024లో. కాని ఏరు దాటి కర్నూలుకు పోవడం మాకు ఏనాడూ కష్టం కాలేదు. వనపర్తికి పోవడానికే ఏరు అడ్డమొచ్చింది. జూరాల కట్ట మీదుగా ఆత్మకూరుకు రోడ్డు ఉండి కూడా! ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పోయిన దారిని కాగితం మీద ఎప్పుడో గీశారు. రాయచూరు నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, దేవరకొండల మీదుగా మాచర్లకు రైలు అన్న మాట 1980 ప్రాంతం నుంచీ ఉంది. దాదాపు కవులు నడిచిన దారే. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు మీదుగా డోర్నకల్‌కు సర్వే అన్నది ఈ మధ్య మాట. కొల్లాపూర్ దగ్గర కృష్ణ మీద సోమశిల వంతెనా అలాంటిదే. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమందికి పైగా పోయాక దాని డిమాండు గట్టిపడింది. కేంద్రం వెయ్యి కోట్ల పైచిలుకుతో మంజూరు చేసింది 2022లో. ఆ వంతెన కూడా మమ్మల్ని నంద్యాల వైపు, బయటికే కలుపుతుంది. కావలసిందే, కాదనను. లోపలి దారి సంగతి ఎవరు అడుగుతారన్నదే నా బెంగ.

గద్వాల చీర కట్టినవాళ్ళకు తెలుసు: నేత నూలుది, అంచు పట్టుది. రెండిటినీ పోగుకు పోగు ముడేసి కలుపుతారు. ఆ ముడి నిలవకపోతే అంచెంత ఖరీదైనా చీర కాదు. మా మూడు జిల్లాల నాయకులకు నా విన్నపం ఒక్కటే. హైదరాబాద్‌కు ఇంకో బస్సు అడిగే ముందు, గద్వాలలో ఎక్కి ఆత్మకూరు, వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా కొల్లాపూర్‌లో దిగేలా పొద్దునొకటి, సాయంత్రమొకటి నేరు బస్సులు అడగండి. రైలు సంగతి తరువాత. రాయచూరు నుంచి ఆ పట్టాలు 2013లోనే గద్వాల దాకా వచ్చాయి. వచ్చి, ఇక్కడే ఆగాయి.